విభూతి పెట్టిన చెయ్యి

కిందటి వారం మాదప్పను హోసూరులో, బాగలూరు రోడ్డు మీద ఒక కొత్త మేడ మెట్ల దగ్గర నిలబెట్టి వదిలేశాం. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద. చేతిలో చెమటకు తడిసిన ఆహ్వానపత్రం. పై హాల్లోంచి నవ్వులు, గిన్నెల చప్పుడు, మసాలా వాసన కిందికి దిగి వస్తున్నాయి. డెబ్బై ఒకటి యుద్ధంలో డేరాల ఆస్పత్రిలో పనిచేసి వచ్చిన ఈ చుట్టుపక్కలవాళ్ళు పాతిక మంది, ఏటా డిసెంబరులో ఒకచోట చేరి భోంచేస్తారు. పదేళ్ళుగా చేరుతున్నారు. మాదప్పకు పిలుపు రావడం మాత్రం ఇదే మొదలు, అదీ పంపినవాడి పేరు లేకుండా. ఎవరో ఎకసెక్కానికి పంపారని అతను పత్రాన్ని చింపబోతే భార్య అంజినమ్మ చేతిలోంచి లాక్కుంది. "పో. మొకం దాచిపెట్టుకునేది నువ్వు కాదు," అని పెట్టె అడుగున ఉన్న తెల్లచొక్కా తీసి ఇచ్చింది.

ముఖం ఎందుకు దాచుకుంటున్నాడో పాత పాఠకులకు తెలుసు. కొత్తవాళ్ళకు చెప్పాలి. అప్పుడతను నర్సింగ్ అసిస్టెంటు. ఆ ఆస్పత్రి లారీల మీద తిరిగేది. సైన్యం ముందుకు కదిలితే తనూ డేరాలు పీక్కుని వెనకాలే కదిలేది. గాయపడ్డవాడికి నొప్పి తెలియకుండా పోరు జరిగే ముందువరసలోనే మార్ఫియా సూది వేసేవాళ్ళు. వేసినవాడు, తడిపితే ఊదాగా తేలే పెన్సిలుతో, ఆ మనిషి నుదుటి మీద 'ఎం' అనే అక్షరమూ వేసిన వేళా రాయాలి. రెండో సూది వెంటనే పడితే ఊపిరి ఆగిపోతుంది మరి. చొక్కా బొత్తానికి ఒక చీటీ కూడా కడతారు గానీ, నెత్తురుతో తడిసిన చొక్కాను కత్తిరించి పారేస్తే చీటీ కూడా దానితోనే పోతుంది. అప్పుడిక నుదురు ఒక్కటే దిక్కు.

ఒక పొద్దున చౌడప్ప అనే ఇరవై రెండేళ్ళ సిపాయిని స్ట్రెచరు మీద తెచ్చారు. డెంకణికోట దగ్గరి పల్లె అతనిది. చొక్కా అప్పటికే కత్తిరించేశారు, చీటీ లేదు. మాదప్ప నుదురు చూశాడు. రాత లేదు, మూడు విభూతి గీతలున్నాయి. సూది వేశాడు. మధ్యాహ్నానికి చౌడప్ప పోయాడు. విచారణలో, ముందువరసలో మొదటి సూది వేసినవాడు నుదుటి మీద తాను రాశానని ప్రమాణం చేశాడు. మాదప్ప రాత లేదనీ, విభూతి ఉందనీ చెప్పాడు. యుద్ధంలో విభూతి పెట్టేవాడెవడని అధికారులు నవ్వారు. శవాన్ని చూస్తే నుదురు శుభ్రంగా కడిగి ఉంది. చూడకుండా సూది పొడిచి ప్రాణం తీశాడనీ, పైగా కట్టుకథలు చెబుతున్నాడనీ రాసి, ఉద్యోగం ఊడబీకి ఇంటికి పంపారు. 'విభూతి మాదప్ప' అనే పేరు అతనికంటే ముందే ఊరు చేరింది.

ఇప్పుడతను బాగలూరు పశువైద్యశాలలో సహాయకుడు. ఆవులకూ ఎద్దులకూ ఆ చెయ్యి సూది వెయ్యవచ్చు. జ్వరం వచ్చిన పిల్లను మాత్రం ఏ తల్లీ ఆ చేతి దగ్గరికి తీసుకురాదు. ఏటా చౌడప్ప పోయిన రోజున బస్సెక్కి డెంకణికోట పోతాడు. అక్కడినుంచి నడిచి చౌడప్ప తల్లి దొడ్డమ్మ ఇంటికి పోయి ముళ్ళకంచె ఇవతల నిలబడతాడు. ఆమె లోపలికి రమ్మనదు, మంచినీళ్ళివ్వదు. చాలాసేపు చూసి, "వచ్చే ఏడు గూడా రావల్ల నువ్వు," అని ఒక్క మాట అని తలుపేసుకుంటుంది. మళ్ళీ రావాలని కోర్టులో వాయిదా వేసినట్టుంటుంది మాదప్పకు. పన్నెండేళ్ళలో ఒక్క వాయిదా తప్పలేదు. ఈ ఏడు, అంటే 1984లో, ఆ రోజుకు ఇంకా మూడు రోజులున్నాయి.

సరే, మాదప్ప మెట్లెక్కాడు.

గుమ్మంలో అతన్ని చూడగానే హాల్లో మాటలు సగం సగంగా ఆగిపోయాయి. ఎవరో "ఓహో, విభూతి..." అనబోయి దగ్గుతో సర్దుకున్నారు. ముందు వరసలో చేతుల కుర్చీలో కూర్చున్న వెంకటేశప్ప కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆయన అప్పట్లో సుబేదారు. గాయపడ్డవాళ్ళను దించుకునే డేరా ఆయన చేతికింద ఉండేది. ఇప్పుడు కృష్ణగిరి దగ్గర మామిడితోటల ఆసామి, ఈ సంఘానికి అధ్యక్షుడు. ఆ రోజు ఆయనకు శాలువా కప్పుతారని గోడ మీద కాగితం కూడా అంటించి ఉంది.

"రా మాదప్పా," అన్నాడు ఆయన చివరికి. "ఎవురు పిలిచిరి నిన్ను?"

"తెలీదు సాబ్. పత్రం వచ్చింది, వచ్చినాను."

మేడ యజమాని అనంతయ్య గబగబా వచ్చి తలుపు దగ్గర ఒక కుర్చీ లాగి వేసి, మాదప్ప ముఖంలోకి చూడకుండానే వెళ్ళిపోయాడు. అనంతయ్యది హోసూరులో రెండు తరాల అంగడి. వయసులో ఉండగా తండ్రితో పోట్లాడి సైన్యంలో చేరి, అదే ఆస్పత్రిలో స్టోర్‌కీపరుగా ఉండి, యుద్ధం అయ్యాక బుద్ధిగా తిరిగొచ్చి గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. సైన్యంలో చేరిన సెట్టి అని ఊళ్ళో ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

అందరూ మళ్ళీ పాత కబుర్లలో పడ్డారు. పడవల్ని కలిపికట్టి లారీల్ని ఏరు దాటించిన సంగతి ఒకడు చెప్పాడు. నలభై నిమిషాల్లో డేరాలన్నీ లేపి, నీళ్ళు మరగబెట్టి, మొదటి స్ట్రెచరు దించుకున్న సంగతి ఇంకొకడు. పడుకోవడానికి పరిచిన వరిగడ్డిలో పాము దూరితే డాక్టరు దొర బల్లెక్కిన సంగతి చెప్పేది కదిరప్ప, అంబులెన్సు డ్రైవరు. ఏటా చెబుతాడట, ఏటా పాము ఒక జానెడు పెరుగుతుందట. మాదప్పకు ఆ పాము తెలుసు. దాన్ని కర్రతో ఎత్తి బయట పారేసింది తనే. కదిరప్ప కథలో ఆ పని చేసింది ఎవరో "ఒక ఆర్డర్లీ" అయిపోయాడు. పాము కోసం పోట్లాడ్డానికి రాలేదు మాదప్ప.

అప్పుడు వెంకటేశప్ప లేచి నాలుగు మాటలు మాట్లాడాడు. ఆరు వారాల్లో తొమ్మిది చోట్ల డేరాలు వేశామన్నాడు. ఎన్ని వందల ప్రాణాలు ఈ చేతుల మీద నిలిచాయో దేవుడికే తెలుసన్నాడు. "మన పనికి వంక పెట్టినోడు లేడు. ఒక్క మచ్చ. ఆ ఒక్కటి లేకుంటే మనది పాలమాదిరి తెల్లని పేరు," అని, తలుపు వైపు చూడకుండా చూశాడు.

మాదప్ప లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. సరిగ్గా అప్పుడే విస్తర్లు పడ్డాయి, పక్కవాడు "కూసో అప్పా, తిని పో," అని మోచెయ్యి పట్టుకున్నాడు. పడ్డ విస్తరి ముందునుంచి లేచిపోవడం తప్పని పెరిగినవాడు, కూర్చున్నాడు.

వడ్డిస్తున్నది అనంతయ్య భార్య పుష్పవతి. చలాకీ మనిషి. ఎవరి విస్తరి ముందు ఆగినా ఒక మాట వేసి గానీ కదలదు. కదిరప్ప ఆమెను చూసి గొంతు పెంచాడు.

"ఏమమ్మా, మేమందరమూ ఏదో ఒకటి చేసినాము గదా, మన సెట్టి ఏమి చేసినాడు యుద్ధంలో? కంబళ్ళు మడతేసినాడు, మళ్ళా విప్పినాడు. అంతే గదా?"

హాలంతా ఘొల్లుమంది. పుష్పవతి గరిటె బేసినులో వేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అట్లనొద్దన్నా. మా ఆయన తనంతట తాను చెప్పుకునే మనిషి కాదు. ఆయన చేసింది మీలో ఒగురికీ తెలీదు."

"పుష్పా," అన్నాడు అనంతయ్య. "సుమ్నె ఉండు, మాట్లాడొద్దు. అన్నం వడ్డించు."

"ఏంటికి సుమ్నె ఉండేది? ఏటేటా ఎక్కిరిస్తానే ఉండారు. ఇనండన్నా. ఒక పొద్దు ఈయన డేరాలో కంబళ్ళు ఇచ్చేదానికి పోతే, ఒక పిల్లోడు స్ట్రెచరు మీద పండుకోని 'అమ్మా, అమ్మా, యాడ ఉండావమ్మా' అని మన మాటలో ఏడస్తా ఉండాడంట. ఆ దేశంలో మన మాట! ఈయనకి మనసు తాళలేదు. మా అత్త కట్టిచ్చిన విభూతి పొట్లం, మన హోసూరు చంద్రచూడేశ్వరుని గుడిది, ఎప్పుడూ జోబులోనే ఉండేది. ఆ పిల్లోని మొకం చూస్తే మన్ను, చెమట, నుదుటి మింద ఏదో ఊదా మరక. మురికి మొకానికి విభూతి పెట్టకూడదు గదా. తడిగుడ్డతో శుబ్బరంగా తుడిచేసి మూడు గీట్లు పెట్టినాడంట. అప్పుడు ఆ పిల్లోడు ఈయన మొకం చూసి నవ్వినాడంట. పొయ్యే జీవికి అంతకన్నా ఏమి కావల్లన్నా? మీరంతా సూదులూ కట్లూ చూసినారు. మా ఆయన తల్లి మాదిరి చూసినాడు."

ఆమె గర్వంగా చుట్టూ చూసింది. ఎవరూ నవ్వలేదు. నోటి దాకా వెళ్ళిన చేతులు నోటి దగ్గరే ఉండిపోయాయి. పాతిక మందికీ ఆ విభూతి కథ తెలుసు. పదమూడేళ్ళు దాన్ని చెప్పుకుని నవ్వినవాళ్ళే అందరూ. కదిరప్ప చేతిలో ముద్ద విస్తట్లో రాలిపోయింది. ఏం తప్పు మాట్లాడానో తెలియక పుష్పవతి భర్త వైపు చూస్తే, అనంతయ్య గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

మాదప్ప లేచాడు. చెయ్యి కడుక్కోలేదు. ముందు పుష్పవతి దగ్గరికే వెళ్ళాడు. ఆమె మీద కోపం లేదు అతనికి. గొంతు వీలైనంత తగ్గించి అడిగాడు.

"అమ్మా, ఆ మరక ఏ రంగన్నావు?"

"ఊదా అన్నా. ఊదా రంగనే చెప్పినాడు. ఏమన్నా, ఏమయింది?"

"ఏం కాలేదమ్మా. నువ్వు మంచిదానివి."

తర్వాత అనంతయ్య దగ్గరికి వెళ్ళాడు. చొక్కా పట్టుకుంటాడనీ కొడతాడనీ ఇద్దరు ముగ్గురు లేచారు. మాదప్ప అతని కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, అందరికీ కనబడేలా పైకెత్తాడు. పశువును కట్టేసేవాడి పట్టు అది. విడిపించుకోవడం సెట్టి తరం కాదు.

"ఈ చెయ్యేనా?"

అనంతయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"అడిగేది నిన్నే సెట్టీ. ఈ చెయ్యేనా తుడిచింది?"

"నాకి తెలీదప్పా," అన్నాడు అనంతయ్య. "దేవుని మింద ఆన. ఆ రాత ఏమో, ఏంటికి రాస్తారో నాకేం తెలుసు? నేను స్టోరు డేరాలో ఉండేవాణ్ణి. ఏదో సిరా అంటుకున్నాదనుకున్నాను. పిల్లోడు అమ్మా అంటా ఉండాడు. నేను..."

"ఆ పొద్దు తెలీదు. సరే. నువ్వు దయతోనే పెట్టినావు, దాన్ని నేను తప్పనను. నేనైనా పెట్టేవాణ్ణేమో." మాదప్ప గొంతు అక్కడిదాకా అణిగే ఉంది. అక్కడ తెగింది. "మర్నాడు తెలీదా? విచారణలో నేను విభూతి విభూతి అని గుండెలు బాదుకున్న పొద్దు తెలీదా? నన్ను అబద్ధాలవాడని చొక్కా మింది బిళ్ళలు పీకినప్పుడు తెలీదా? మీ అంగడి ముందర నేను పోతా ఉంటే 'విభూతి పోతా ఉంది' అని నీ గుమాస్తాలు నవ్వినప్పుడు నీ చెవులు యాడ పోయినాయి?"

"తెలుసు," అన్నాడు అనంతయ్య.

అప్పుడు మొదటిసారి తలెత్తి మాదప్ప ముఖంలోకి చూశాడు.

"తెలుసు మాదప్పా. ప్రతి పొద్దూ తెలుసు. నిన్ను చూస్తే లోపలికి పోయి దాక్కునేవాణ్ణి. పత్రం పంపింది నేనే. నువ్వు వస్తే చెప్పేస్తామనుకున్నాను. నువ్వు వచ్చినావు, నాకి నోరు రాలేదు."

పుష్పవతి గరిటె కింద పెట్టేసింది. "నాకి సగమే చెప్పినావా?" అని అడిగింది భర్తను. గట్టిగా కూడా అడగలేదు. "పన్నెండేళ్ళు నేను ఈ కత ఊరంతా చెప్పుకోని మురిసిపోతా ఉండాను. నీకి బాగుండే సగం నాకి ఇచ్చి, మిగిలింది ఈ అన్న నెత్తిన పెట్టినావా?"

వెంకటేశప్ప చేతికర్రతో నేల మీద కొట్టాడు. "చాలప్పా. నలుగురు భోంచేసే తావు. మాదప్పా, చెయ్యి విడు. జరిగిపోయింది. ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు పంచాయితీ ఏంటికి? కాగితం మింద ఏదైనా రాసి పంపుదాము, నేను సంతకం పెడతాను. కూసో."

పెద్దమనిషి తరహా మాట. వింటే ఎవరికైనా న్యాయంగానే ఉంటుంది. మాదప్ప కూడా ఒక్క క్షణం, పాత అలవాటు కొద్దీ, చెయ్యి వదలబోయాడు. అనంతయ్యే వదలనివ్వలేదు. రెండో చేత్తో మాదప్ప చేతిని గట్టిగా పట్టుకుని, వెంకటేశప్ప వైపు తిరిగాడు.

"ఏమి సంతకం పెడతారు సాబ్? ఆ మద్యాన్నమే మీకి చెప్పినాను నేను. పిల్లోడు పోయినాడు, సూది రెండుసార్లు పడిందంట, నుదుటి మింద రాత లేదంట అని డేరాలో గోల గోల అయితే, నాకి కాళ్ళూ చేతులూ ఆడక మీ దగ్గిరికే వచ్చినాను. 'నేను తుడిచినాను సాబ్' అని కాళ్ళు పట్టుకున్నాను. మీరేమన్నారు? నోరు తెరిస్తే ఇద్దరమూ పోతాము అన్నారు. ఆ పొద్దే లారీ ఎక్కించి, సామాన్లు తెమ్మని వెనక్కి పంపించేసినారు. విచారణ అయిపోయేదాకా పిలిపించలేదు."

అప్పుడు మాదప్పకు అన్నీ ఒక్కొక్కటే చోటికి వచ్చి కూర్చున్నాయి. గాయపడ్డవాళ్ళను దించే డేరాలోకి బయటివాణ్ణి రానివ్వకపోవడం సుబేదారు పని. ఆ పొద్దున ఆయన డేరాలో లేడు. చాయ్ కోసం వంటడేరాకు పోయాడు. స్టోరువాడు లోపలికొచ్చి రోగిని ముట్టుకున్నాడంటే ముందు అడిగేది ఆయన్నే. శవాన్ని అంత త్వరగా, విచారణవాళ్ళు రాకముందే కడిగించింది ఎవరు? గౌరవంగా పంపించాలి పిల్లవాణ్ణి అని, వేడినీళ్ళు పెట్టించి, దగ్గరుండి కడిగించింది వెంకటేశప్పే. ఆ రోజు మాదప్ప ఆయన మంచితనానికి చేతులెత్తి దండం కూడా పెట్టాడు. ఆ దండం గుర్తుకొచ్చి ఇప్పుడతనికి ఒళ్ళు మండిపోయింది.

"నువ్వా?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఎన్నడూ ఆయన్ని 'నువ్వు' అన్నవాడు కాదు. వెంకటేశప్ప కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"మాట జాగర్త."

"ఏం జాగర్త? నుదురు కడిగించినావు. నా నోట్లో ఉన్న ఒక్క నిజాన్నీ ఆ నీళ్ళతోనే కడిగేసినావు. విచారణలో మేజరు దొర ముందర నా పక్కనే నిలబడినావు గదా. 'మంచివాడే దొరా, భయంతో అబద్ధం చెప్తా ఉండాడు' అని నాకి సాయం చేసినట్టు మాట్లాడినావు. దానికే ఇంటికి పోయినంక గూడా నీకి జాబు రాసినాను, మీ మేలు మరిచిపోను అని. చదివినావా ఆ జాబు?"

"చదివినాను," అన్నాడు వెంకటేశప్ప. ఆయన ముఖం నల్లబడింది గానీ గొంతు తగ్గలేదు. "ఏమి చెయ్యమంటావు? నిజం చెప్తే ముగ్గురు పోతారు. తుడిచినందుకు వీడు, లోపలికి రానిచ్చినందుకు నేను, రెండో సూది ఏసినందుకు నువ్వు ఎట్లాగూ పోతావు. ముగ్గురు పొయ్యేదాన్ని ఒక్కనితో సరిపెట్టినాను. అంతే."

"ఆ ఒక్కడు నేను."

"అవును. నువ్వే. సూది నీ చేతిలో ఉండింది."

ఇంతకన్నా సిగ్గులేని నిజాయితీ మాదప్ప ఎక్కడా చూడలేదు. కొట్టాలనిపించింది. కుర్చీతో సహా ఎత్తి మెట్ల మీదినుంచి దొర్లించాలనిపించింది. నిజంగానే రెండడుగులు వేశాడు. కానీ ముసలి ప్రాణి, కర్ర పట్టుకున్న చేతి నరాలు తేలి ఉన్నాయి. ఈ చేతులు ఒక ప్రాణం తీశాయని ఊరంతా అనుకుంటూనే ఉంది, ఇప్పుడు దాన్ని నిజం చెయ్యడం దేనికనిపించింది. వెనక్కి తిరిగి విస్తర్ల ముందున్న పాతిక మందినీ చూశాడు.

"మీరు చెప్పండప్పా. ఒక్కడైనా నన్ను పక్కకి పిలిచి 'నిజంగా విభూతి ఉండిందా మాదప్పా' అని అడిగినారా? నాతో ఒకే కంచంలో తిన్నోళ్ళు. నా బిడ్డ నామకరణానికి వస్తామని చెప్పినోళ్ళు. నవ్వేదానికి అందరికీ నోరుండింది. అడిగేదానికి ఒక్కనికీ లేదు."

వాళ్ళలో నుంచి కదిరప్ప మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఆ పేరు పెట్టింది నేనప్పా," అన్నాడు. "నవ్వులకి పెట్టినాను. చెప్పు తీసుకోని కొట్టు."

"కొడితే నీకి బాగుంటాది. నాకి ఏమొస్తాది?" అన్నాడు మాదప్ప. చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, అనంతయ్య చేతిని ఇప్పుడు పూర్తిగా వదిలేశాడు. "నాకి మీ కాగితమూ వద్దు, మీ శాలువా వద్దు. పోయిన ఉద్యోగం వద్దు. నాకి కావల్సింది ఒగటే. డెంకణికోట బస్సు మూడు గంటలకి. మీరిద్దరూ నా వెంబడి రావల్ల. దొడ్డమ్మ వాకిట్లో నిలబడి, నా ముందర, ఇప్పుడు చెప్పిందంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పల్ల. నా కొడుకుని సంపినోడు వీడు గాదు అని ఆయమ్మ తన నోటితో ఒక్కసారి అనల్ల. అంతే. మళ్ళా నా జన్మలో మీ మొకాలు చూడను."

అనంతయ్య గూట్లో ఉన్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "వస్తాను," అన్నాడు. పుష్పవతి చేతులు కడుక్కుంటూ, "నేనూ వస్తాను. ఈయన మళ్ళా సగం చెప్పి ఆపేస్తాడేమో, పక్కన ఒకరుండల్ల," అంది.

వెంకటేశప్ప కదల్లేదు. చేతికర్ర మీద గడ్డం ఆనించి, ఆ ముగ్గురినీ చూశాడు. తర్వాత నవ్వాడు. సంతోషంతో నవ్విన నవ్వు కాదు, ఎగతాళీ కాదు. ఇక మొయ్యలేనని బరువు కింద పెట్టేసేవాడు అలా నవ్వుతాడు.

"పోండి," అన్నాడు. "పోయి చెప్పండి. ఆయమ్మకి కొత్తగా చెప్పేదానికి ఏముండాది?"

గుమ్మం దాటబోతున్న మాదప్ప ఆగాడు. "ఏమన్నావు?"

"డెబ్బై రెండులో, ఉగాది ముందర, చౌడప్ప పెట్టె ఇచ్చేదానికి నేనే పోయినాను ఆ ఊరికి. పెట్టె ముందర పెట్టుకోని ఆయమ్మ వాని చొక్కాలు ఒగటొగటే మడతేస్తా ఉంటే చూడలేకపోయినాను. కాళ్ళ దగ్గిర కూసోని అంతా చెప్పేసినాను. విభూతి సంగతి, సెట్టి సంగతి, నేను కడిగించిన సంగతి. నీది తప్పు లేదని గూడా చెప్పినాను." ఆయన కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నన్ను తిట్టల్సింది ఆయమ్మ. తిట్టలేదు. ఒక్క మాట అడిగింది. ఆ సూది ఏసినోడు ఈడికి వస్తాడా అని. వస్తాడేమో అన్నాను. సరే, ఈ మాట వానికి చెప్పొద్దు నువ్వు, అని నా చేత ఒట్టు పెట్టించుకోని పంపించేసింది."

మాదప్పకు ఎదురుగా గోడ కనబడుతోంది, గోడ మీద శాలువా కాగితం కనబడుతోంది, కానీ అతను చూస్తున్నది ముళ్ళకంచె. డెబ్బై రెండు డిసెంబరులో మొదటిసారి పోయి అక్కడ నిలబడ్డాడు. అంటే ఆ మొదటిసారికే ఆమెకు తెలుసు. వానలో తడిసి నిలబడ్డ ఏడూ తెలుసు. జ్వరంతో కంచె కర్ర పట్టుకుని నిలబడ్డ ఏడూ తెలుసు. ఎదురుగా నిలబడ్డవాడు తప్పు చేయలేదని తెలిసి తెలిసి, గుక్కెడు నీళ్ళివ్వక, అంతసేపు అతని ముఖంలోకి చూసి, ఏటా అదే మాట అని తలుపేసుకుంది. వచ్చే ఏడు గూడా రావల్ల నువ్వు.

ఇంతదాకా వచ్చిన కోపం కోపమే కాదనిపించింది అతనికి. సెట్టి పిరికివాడు, సుబేదారు స్వార్థపరుడు. లోకంలో అలాంటివాళ్ళు ఉంటారు. కానీ ఆమె? ఆమె ముందు తలవంచి నిలబడ్డాననే ఒక్క తృప్తితోనే కదా ఇన్నేళ్ళూ అన్నం తిన్నాడు.

"మాదప్పా," అన్నాడు అనంతయ్య మెల్లగా. "ఇప్పుడు ఏంటికప్పా పొయ్యేది? మూడు దినాలకి ఎట్లాగూ పోతావు గదా."

"మూడు దినాలకి పోతే ఆయమ్మ కాసుకోని ఉంటాది. తలుపు దగ్గిర ఆ మాట సిద్ధంగా పెట్టుకోని ఉంటాది," అన్నాడు మాదప్ప. అప్పటికే మెట్లు దిగుతున్నాడు. "ఈ పొద్దే పోవల్ల. పన్నెండేండ్లు కంచె ఇవతల నిలబడినాను. ఈ పొద్దు లోపలికి పోతాను. పోయి, ఏంటికమ్మా అని అడుగుతాను."

కింద రోడ్డు మీద డెంకణికోట బస్సు హారను కొడుతోంది. మాదప్ప వెనక్కి చూడకుండా ఎక్కాడు. అతని వెనక అనంతయ్య, అతని వెనక పుష్పవతి ఎక్కారు. కండక్టరు రైట్ అనబోయి, ఎవరినో చూసి ఆగాడు. బస్సు ఆపమని చేతికర్ర ఊపుతూ వెంకటేశప్ప మెట్లు దిగి వస్తున్నాడు.